ఒకే పందిరి మీద కాకర, సొర

పక్కింటి దొడ్డమ్మ పోయిందని పోయిన నెల ఒక పొద్దున్నే కబురొచ్చింది. మీరు నన్నేమనుకున్నా సరే, ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను.

ఆమె మాకు చుట్టం కాదు. నా చిన్నప్పుడు రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా గోడకి ఆనుకున్న ఇల్లు వాళ్లది. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గార్డుగారి భార్య. ఊరి నుంచి బూడిదలో కలిపి తెచ్చుకున్న గింజలు నాటి, రెండు పెరళ్లకీ కలిపి ఒకటే కాకర పందిరి వేసింది. బజార్లో కరేలా అని అమ్మే కాకరకాయలు కొనుక్కునేవాళ్లంటే ఆమెకి జాలి. ముక్కలకి ఉప్పు రాసి పిండేవాళ్లంటే మాత్రం కోపం.

“సేదు పిండీసినాక ఇంక కూరేటే?” అనేది.

చింతపండు పులుసులో ముక్కలు ఉడికించి, కాస్త బెల్లం వేసి, నువ్వుల పొడి చల్లి, బడి నుంచి వచ్చిన పిల్లలకి ముద్దలు కలిపి పెట్టేది. మొహం చిట్లించకుండా మింగినవాళ్ల వీపు తట్టేది. ఆ మెచ్చుకోలు కోసం నేను పడి చచ్చేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు ఆ పందిరి మీదికే ఒక సొర తీగ పాకింది. తొలికాయ కోసి వండితే కూర చేదు. దొడ్డమ్మ రుచి చూసి, “కాకర పక్కన పాకింది కదా, ఆ సేదే పట్టింది. మనకి సేదు కొత్తేటి? ఒంటికి మంచిదే,” అంది. ఇంకో ఇంట్లో అయితే పారబోసేవారు. చేదు తినడమే గొప్పనుకునే మేము కూర్చుని తిన్నాం.

నాలుగేళ్ల మా చెల్లెలు మొదటి ముద్దే ఉమ్మేసింది. “దానికొద్దులే, పెరుగన్నం తెస్తానుండు,” అని దొడ్డమ్మ లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేలోగా చెల్లెలి చేత తినిపించి శభాష్ అనిపించుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. దాని ముక్కు మూసి నాలుగు ముద్దలు కుక్కాను.

గంట తిరక్కుండా ముగ్గురికీ వాంతులు. దొడ్డమ్మవీ నావీ ఆగాయి. చెల్లెలికి రక్తం పడింది. రిక్షాలో ఆసుపత్రికి పోతుంటే దాని చేతులు చల్లబడ్డాయి, నేను ఆ చేతులు రుద్దుతూనే ఉన్నాను. “లౌకీ కడ్వీ థీ క్యా?” అని, తిన్న సొరకాయ చేదుగా ఉందా అని, డాక్టరు మొదటే అడిగాడు. చేదు సొరకాయ విషమని మాకు అప్పుడే తెలిసింది.

“దీనికెవరు పెట్టారు?” అంది వెనకే పరుగున వచ్చిన అమ్మ. పెరుగన్నంతో తిరిగొచ్చి చెల్లెలి ఖాళీ పళ్లెం చూసినప్పుడే దొడ్డమ్మకి సంగతి తెలిసిపోయింది. నా వైపు ఒక్కసారి చూసి, “నానే పెట్టాను,” అంది.

మూడు రోజులకి చెల్లెలు తేరుకుంది. అమ్మ మాత్రం ఏడాది పాటు దొడ్డమ్మతో మాట్లాడలేదు. దొడ్డమ్మ సొర తీగ పీకేసి కాకర తీగల్ని ఉంచుకుంది. తర్వాత ఏ పిల్లకి పెట్టినా, “ఒద్దనిపిస్తే ఉమ్మీయండే, నానేటీ అనను,” అనేది. ఒకసారి గోడ దగ్గర నేను ఏడుస్తుంటే, “నువ్వు సిన్న గుంటవి. ఈ మాట నా దగ్గరుండనీ,” అంది. నేను ఉండనిచ్చాను. పాతికేళ్లు దాటినా అలాగే ఉండనిచ్చాను. ఇప్పుడు రాయపూర్లోనే మోవాలో ఉన్న మా పెరట్లోనూ కాకర పాదు ఉంది. కూర వండిన రోజున పిల్లలు తిన్న గంట వరకూ వాళ్ల వెనకే తిరుగుతుంటాను.

దొడ్డమ్మ పన్నెండో రోజు భోజనాలకి చెల్లెలు దగ్గర్లోని తిల్దా ఊరి నుంచి వచ్చింది. నా పక్కనే కూర్చుంది. కాకరకాయ కూర వడ్డించారు.

“పాపం, ఎంత మంచిదో కదక్కా. ఆ రోజు నాకు ఆ సొరకూర పెట్టకపోతే అమ్మ కూడా ఆవిడతో ఎంతో ప్రేమగా ఉండేది,” అంటూ ముద్ద కలిపింది.

తప్పు తన మీద వేసుకోవడానికి దొడ్డమ్మ ఇక లేదు.

“నీకు పెట్టింది దొడ్డమ్మ కాదే. నేను,” అన్నాను.

చెల్లెలు నోటి దాకా తెచ్చిన ముద్ద ఆగిపోయింది. వడ్డించేవాళ్లు పప్పు వేసి, ముందుకి వెళ్లి, వరస చివరిదాకా పోయి తిరిగొచ్చారు. చెల్లెలి చెయ్యి ఇంకా అక్కడే ఉంది.