నాయన చేతి ఇనుప వాసన

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో నిలబడి వస్తే, దిగాక అరచేతికి కడ్డీ ఇనుప వాసన అంటుకుని ఉంటుంది. నేను వెంటనే కడుక్కోను.

ఎనభైల్లో, నాకు ఏడేళ్లప్పుడు, కాలువ నీళ్ల కోసం రోడ్డు మీద బైఠాయించాడని నాయనను పోలీసులు పట్టుకుపోయారు. మర్నాడు బేడీలు వేసి నంద్యాల కోర్టుకు తెచ్చారు. అమ్మ కొంగు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. జడ్జి కాగితాలకన్నా ముందు నాయన చేతులు చూశాడు.

“ఎవరి ఉత్తర్వుతో వేశారివి? ముందు తీయండి.”

తాళం తీసిన చప్పుడు వినగానే నాయనను వదిలేశారనుకున్నాను. బయటికి రాగానే చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు లాగాను.

“యాడికి లాగుతాండావ్ పాపా? నేను జైలుకు పోవల్ల.”

“బేడీలు తీసినారు గదా నాయనా!”

“తీసినారు గాబట్టే నీ చెయ్యి పట్టుకుంటి. దా, పోదాం.”

పోలీసులు వెనక నడిచారు. సబ్‌జైలు గేటు దాకా నాయన నా చెయ్యి వదల్లేదు. అంతదాకా బేడీల గొలుసు పట్టుకున్న ఆయన అరచేతి ఇనుప వాసన నా చేతికి అంటింది. అమ్మ ఎంత తిట్టినా ఆ పూట చెయ్యి కడుక్కోలేదు.

నాలుగు రోజులకు నాయన బెయిలు మీద వచ్చాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆ జడ్జి పేరు నాకు తెలియదు. ఆయన అడిగిన ఒక్క మాట వల్ల, జైలు దారి కూడా నాయన చెయ్యి పట్టుకుని నడిచిన దారిగానే నాకు గుర్తుంది.