అడిగి దాటిన గడప

ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీ ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఆవిడ మణికట్టుకు కట్టు వేసింది నేనే. డెబ్బైకి దగ్గరపడ్డ ఆస్ట్రేలియా ఆదివాసి. తడిసిన మెట్ల మీద జారి ఎముక విరిగింది. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. కారెలా నడపాలన్నదే బెంగ. వాళ్ల నాయనమ్మ తండ్రి పుట్టిన ఇల్లు చూడటానికి అంత దూరం నుంచి వచ్చిందట. అక్కడికి బస్సు లేదు. మర్నాడు నాకు సెలవు. నేను తీసుకెళ్తానని అనేశాను.

"పేషెంట్‌తో ఊళ్లు తిరగడమేంటి? ఏదన్నా అయితే?" అన్నారు మా ఆయన.

"డిశ్చార్జ్ చేసేశాంగా. గెస్ట్ అనుకోండి."

దారిలో ఆవిడే చెప్పింది. ఆ ముత్తాత ఇక్కడి నుంచి పోయి అక్కడ గుర్రపు పోలీసయ్యాడు. ఆవిడ జనాన్ని నీళ్లున్న నేల నుంచి తరిమిన దళంలో ఉన్నాడు. ఆ జనంలో ఒకామెకు పుట్టిన బిడ్డను తన కూతురని ఏ కాగితం మీదా రాయలేదు. ఆ బిడ్డే నాయనమ్మ. రంగు కాస్త తెలుపని, నాలుగేళ్లప్పుడు ప్రభుత్వం వాళ్లు తల్లి చేతుల్లోంచి లాక్కెళ్లి అనాథాశ్రమంలో వేశారు. సొంత భాష మాట్లాడితే బెత్తం దెబ్బలు.

"ఇదంతా పాత చరిత్ర అంటారు. మా ఇంట్లో ఇవాళ్టికీ ఎవరైనా తలుపు గట్టిగా కొడితే పిల్లల్ని వెనక గదిలోకి పంపుతాం," అంది.

కొండవాలులో కప్పులేని రాతి ఇల్లు. డీఎన్ఏ పరీక్షలో తేలిన దూరపు చుట్టం, ఎనభై ఏళ్ల రైతు, అక్కడ ఎదురుచూస్తున్నాడు.

"లోపలికి రండి, మనదే."

ఆవిడ గడప ముందే ఆగిపోయింది. బూట్లు విప్పింది. తడి గడ్డిలో ఒట్టి కాళ్లతో నిలబడి, గొంతెత్తి తన భాషలో పిలిచింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎవరినో పిలుస్తోందనీ ఆ ఎవరో వింటున్నారనీ అనిపించింది. రైతు టోపీ తీసేశాడు.

"ఏమన్నారు?" అని మెల్లగా అడిగాను.

"నేనెవరి బిడ్డనో చెప్పాను. లోపలికి రావచ్చా అని ఈ నేల పెద్దల్ని అడిగాను. ఎవరి నేల మీదికెళ్లినా మేం అడుగుతాం. మా ముత్తాత అడగలేదు."

నేను పెరిగింది ఒక డ్యామ్ కాలనీలో. అంతకుముందు అక్కడ కోయగూడెం ఉండేదట. వాళ్లెటు పోయారని మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ అడగలేదు.

రైతు కప్పులేని గోడలకేసి చూపించాడు. "మీ ముత్తాత చిన్నపిల్లాడప్పుడు భూస్వామి మనుషులొచ్చి ఈ కప్పు కూల్చేశారు. కుటుంబాన్నంతా వానలో రోడ్డున పడేశారు. మా తాత చెప్పేవాడు."

ఆవిడ కళ్లు మూసుకుంది. "అయితే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసన్నమాట. తెలిసే చేశాడు."



"క్షమించారా?" అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"అందుకు రాలేదమ్మా. మేమింకా ఉన్నామని చెప్పడానికొచ్చాను."

లోపలికెళ్లి, ఒకప్పుడు పొయ్యి ఉన్నచోట రాతి మీద బాగున్న చెయ్యి ఆనించి కూర్చుంది. ముసలాయన గొంతు సవరించుకుని, ఆ పలకరింపు తనకు నేర్పుతుందా అని అడిగాడు. ఒక్కో ముక్కా పలికించింది. ఆయన తప్పినప్పుడల్లా నవ్వింది. నాలుగోసారికి కుదిరింది.

"గ్రాండ్," అంది, బాగుందనడానికి అచ్చం ఇక్కడివాళ్లు అన్నట్టే.

నాకూ నేర్పమనడానికి ధైర్యం చాలలేదు. బయటే నిలబడి, విన్నంతవరకు పెదాలతో అనుకున్నాను.