మిషన్ నేర్చుకున్న పోటు

ముప్పై ఏళ్లు ప్రొక్లెయిన్ నడిపినవాడికి మట్టి గురించి చెప్పబోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకే పరిశోధనశాల వాళ్లు పిలిచి, “మీరు తవ్వుతుంటే మీ చేతుల కదలికలన్నీ కంప్యూటర్ రాసుకుంటుంది. వాటిని చూసి, డ్రైవర్ లేకుండా తవ్వడం మా మిషన్ నేర్చుకుంటుంది” అన్నప్పుడు ఆయన మీసాల్లోనే నవ్వుకున్నాడు. ఇంటికొచ్చి భార్య దగ్గర గొప్పలు పోయాడు.

“నాకూ ఒక శిష్యుడు దొరికాడే! టీ అడగడు, సెలవడగడు.”

“నీ కోపాలు మాత్రం నేర్పకు, పాపం,” అందామె.

ఇంజినీరు అమ్మాయి మొదటిరోజే విడమరచి చెప్పింది. “బాబాయ్, ఇది రోడ్డు పనికి కాదు. పాతకాలపు ఊళ్లు బయటపడే చోట పైమట్టి తీయడానికి. గట్టిగా ఏది తగిలినా ఆగాలి. మీరు ఆగితేనే అదీ ఆగుతుంది.”

“నాకు చెప్తావేంటమ్మా? కోడిగుడ్డు మీద బకెట్ ఆనించి పగలకుండా తీసేవాణ్ని!”

తీసేవాడే, అబద్ధం కాదు. కానీ మహానుభావుడికో అలవాటుంది. బకెట్‌కి గట్టిది తగిలిందా, లివర్ వేలెడు వెనక్కి లాగి ఒక్క పోటు పొడిచేవాడు. పని తెమలాలని కాంట్రాక్టర్లు నెత్తిన కూర్చున్న రోజుల్లో చేతికి పట్టిన పోటు అది. రెండు వారాలు ఇసుక, బంకమట్టి, కంకర తవ్వించారు. మట్టిలో ఇటుకలు పాతిపెట్టి, తగిలితే ఆగమన్నారు. చాలాసార్లు ఆగాడు. మిగతాసార్లు పొడిచాడు, సగం తెలియక, సగం తెలిసే. ఇటుకే కదా అనుకున్నాడు.

తవ్వకాలు జరిపించే మేడమ్ మూడేళ్లు తిరిగి అనుమతి తెచ్చుకున్న స్థలంలో మిషన్‌ని దించారు. పొరపొరగా మట్టి తీస్తూ అది ఎంత ముచ్చటగా పనిచేసిందో! అంతలో గట్టిది తగిలింది. మిషన్ ఆగింది. అందరూ చప్పట్లకి చేతులెత్తారు. అది వేలెడు వెనక్కి జరిగి ఒక్క పోటు పొడిచింది.

లోపల నడుమెత్తు మట్టిజాడీ ఉంది. ఎన్ని వందల ఏళ్లుగానో చెక్కుచెదరకుండా ఉన్నది, క్షణంలో పెంకులైపోయింది. మేడమ్ గుంటలోకి దిగి ఒక్కో పెంకూ ఏరుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ పోటు ఎవరిదో చుట్టూ ఉన్న ఇరవైమందిలో ఆయనొక్కడికే తెలిసింది. తెలిసీ ఏమన్నాడో తెలుసా?

“ఎంతైనా మిషన్ మిషనేనమ్మా. మనిషి చెయ్యి వేరు!”

ఛీ, ఏం నోరది! ఆ మాట అన్న క్షణం నుంచి ఆయనకి తన మొహం తనకే చూపించుకోబుద్ధి కాలేదు. మర్నాడు అద్దం లేకుండానే గడ్డం గీసుకుని రెండుచోట్ల కోసుకున్నాడు. నాలుగు రోజులు ముద్ద దిగలేదు. భార్య అడిగితే, వయసొచ్చింది, ఆకలి తగ్గిందన్నాడు.

ఆ నాలుగు రోజులూ ఇంజినీరు అమ్మాయి కళ్లు వాచేలా ప్రోగ్రామంతా జల్లెడ పట్టింది. “తప్పు నా దగ్గరే ఎక్కడో ఉంది బాబాయ్, దొరకట్లేదు. రేపు మేడమ్‌కి అలాగే రాసిచ్చేస్తా. ఇక ఈ పని ఆపేస్తారు,” అంది. పైగా ఆ పిల్ల, “మీరేం బాధపడకండి, మీరు బాగానే నేర్పారు,” అని ఓదార్చింది కూడా.

మర్నాడు మేడమ్ బల్ల ముందు ఆ అమ్మాయి కలం తీసేసరికి ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

“సంతకం పెట్టకమ్మా. ఆ పోటు నాది. ఆరోజే తెలుసు. సిగ్గేసి దాచాను.”

పాత రికార్డింగులు తిరగేస్తే అరవై ఒక్క పోట్లు తేలాయి. “ముందే చెప్పుంటే బాగుండేది బాబాయ్,” అంది అమ్మాయి. తర్వాత తనే లేచింది. “సరే, అవి తీసేసి మళ్లీ నేర్పుదాం. ఎక్కండి.”

బజారులో కొన్న మామూలు కుండ ఒకటి పాతిపెట్టారు. ఆయన ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా కళ్లు చేసుకుని తవ్వాడు. బకెట్‌కి గట్టిది తగిలింది. ఆగాలి అనుకున్నాడు. అనుకునేలోపే మణికట్టు పొడిచేసింది. లోపల కుండ పగిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఇంజన్ ఆపేశాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, దిగలేక. మేడమ్ క్యాబిన్ దగ్గరికి వచ్చింది. గొంతులో కోపం లేదు.

“రోడ్లకీ, పునాదులకీ తవ్వినప్పుడు కూడా ఇలాగే చేసేవారా?”

“చేసేవాణ్నమ్మా.”

“అప్పుడు ఏం తగిలేవి?”

“రాళ్లేనమ్మా,” అన్నాడు ఠక్కున. ఆమె గుంట వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

“తెలీదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా దిగి చూడలేదమ్మా.”