మావయ్య నిద్ర

మా పక్కింటి మావయ్య పోయారని మొన్న మా ఊరు ఘంటసాల నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం నిద్రలోనే పోయారట. “పుణ్యాత్ముడు, అనాయాస మరణం” అన్నారు విన్నవాళ్లు. ఆయన నిద్ర ఎలాంటిదో చూసినదాన్ని, నాకా మాట మింగుడుపడలేదు.

మెలకువగా ఉంటే మావయ్య చీమకైనా హాని తలపెట్టరు. చేలో పడ్డ గేదెను కూడా “పోవమ్మా, పో” అని బతిమాలేవారు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. పడినప్పుడల్లా “నేల ఎక్కడికీ పోదులే, లే” అనేవారు. ఇప్పటికీ భయమేస్తే ఆ మాటే తలుచుకుంటాను.

కునుకు పట్టిందంటే మాత్రం వేరే మనిషి. “పందులు! వరి తొక్కేస్తన్నాయ్!” అని కేకలు, తన్నులు. “ఇవాళ ఎన్నింటిని కొట్టారు మావయ్యా?” అని ఆటపట్టిస్తే, “నీ వాటా పంపిస్తాలే” అని నవ్వేవారు. పీడకలలకు ఇనుము విరుగుడని అత్తయ్య ఆయన దిండు కింద కొడవలి పెట్టింది. మా ఊళ్లో అందరూ చేసేదే.

ఒక మధ్యాహ్నం అత్తయ్య కేక విని పరుగెత్తాను. ఆవిడ మంచినీళ్లకు లేచిందట, అంతలోనే. ఆవిడ దిండు నిలువునా చీలి, గదినిండా బూరుగుదూది. మావయ్య తన చేతిలోని కొడవలిని ఎవరిదో అన్నట్టు చూస్తున్నారు.

“నీకేం కాలేదు కదే?” పదేపదే అదే అడిగారు.

బందరు డాక్టరుగారు నవ్వలేదు. “కలలో ఒళ్లు కదలకుండా మెదడే పట్టి ఉంచుతుందండీ. ఈయనకి ఆ పట్టు సడలింది. ఇలాంటివాళ్లలో చాలామందికి కొన్నేళ్లకి వణుకుడు జబ్బు వస్తుంది. కనిపెట్టుకుని ఉండండి” అన్నారు. అప్పటినుంచి ఆయన కాఫీ గ్లాసు అందుకుంటే మేం ఊపిరి బిగబట్టి ఆ చేతినే చూసేవాళ్లం.

చివరికి వణుకు రానే వచ్చింది. నడక కుంచించుకుపోయింది, గొంతు గుసగుసైంది. మందులతో కేకలు తగ్గాయి గానీ పోలేదు. పడుకునే ముందు మణికట్టు చాపి, “కట్టెయ్యవే. నిద్రలో ఈ చెయ్యి నా మాట వినదు” అనేవారు. అత్తయ్య పాత చీర పేలికతో మంచానికి వదులుగా ముడివేసేది. చిత్రమేమిటంటే, పగలు మాట పెగలని మనిషి నిద్రలో మాత్రం పాత గొంతుతో వీధంతా వినబడేలా అరిచేవారు.

నిన్న వెళ్లాను. అత్తయ్య ఖాళీ మంచానికి చేతికందనంత దూరంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

“మొదట్లో ఆ కేకలకి హడలిపోయేదాన్నమ్మా. తర్వాత వాటికోసమే ఇక్కడ కూర్చునేదాన్ని. ఆయన అసలు గొంతు అక్కడే మిగిలింది” అంది.

“మరి మొన్న?”

“అరవలేదు. ఇన్నాళ్లకి హాయిగా పడుకున్నారనుకుని, ముడి విప్పేశాను.”

పేలిక ఇంకా మంచం కోడుకు వేలాడుతోంది.