చాప చుట్టే వైపు

మా షెడ్డు అంతకుముందు కొబ్బరి పీచు షెడ్డు. అమలాపురానికి కాస్త ఎడంగా కాలవ గట్టు మీద ఉంటుంది. పీచు యంత్రాలు తీసేసి ఏళ్ళయినా ఆ నలక మాత్రం మమ్మల్ని వదల్లేదు. మేం చేసేది వంగే సోలార్ షీట్లు. పల్చటి సెల్స్ బయటి నుంచి తెప్పించి, వరసగా పేర్చి, ఒకదానితో ఒకటి సన్నటి రాగి పట్టీలతో అతికి, పైనా కిందా ప్లాస్టిక్ పొరలు వేసి వేడి ప్రెస్సులో నొక్కుతాం. అద్దం ఉండదు, చట్రం ఉండదు. చంకలో పెట్టుకుని నడిచిపోయేంత తేలిక. అయితే ఆ పొరల మధ్య ఒక్క పీచు నలక పడిందా, బుడగ లేస్తుంది. అందుకని పొద్దున్నే వెళ్ళి నేను మొదట చేసే పని తడిగుడ్డతో నేల తుడవడం. ఇంజనీరింగు చదివించింది ఇందుకా అని మా అమ్మ అడిగేది. ఇందుకే అనేదాన్ని.

ఎక్కువగా దిండి ఊళ్ళో తిరిగే హౌస్‌బోట్లకి చేసేవాళ్ళం. గుండ్రటి కప్పు మీద అద్దం పలక కూర్చోదు, మా షీటు ఒదిగిపోతుంది. వాటి డిజైన్లు మాత్రం వేరేవాళ్ళవి. నేను సొంతంగా గీసిన మొదటి షీటు మా బాబాయి పాక కోసం.

బాబాయి అంటే మా పిన్ని భర్త. కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో దొండ, బీర పండిస్తారు. మా తాతలు ఆ లంకల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. ఈయన అక్కడే సొంతంగా కాస్త నేల చెక్క సంపాదించుకున్నారు. ఆయనకి ఆయాసం. మందుని పొగలా చేసి పీల్పించే చిన్న మిషను రాసిచ్చారు డాక్టరు. రోజూ రెండు పూటలా పెట్టుకోవాలి, ఆయాసం ముదిరితే అప్పటికప్పుడు. లంకలో కరెంటు లేదు. అద్దం పలక పెడదామంటే తాటాకు పాక మోయలేదు. పైగా ఏటా వరద కబురు రాగానే సామానంతా పడవకెత్తి గట్టుకి చేరాలి. డాక్టరేమో లంక మానెయ్యమంటారు. బాబాయి గట్టు మీద తమకున్న ఇంట్లో రెండు రోజులుంటే మూడో రోజు మాట్లాడటం మానేస్తారు.

“ఆ మిషను నడిచిందా, లంకలో ఉంటారు. నడవలేదా, ఈ గదిలో గోడ చూస్తా కూచుంటారు. అంతేనే,” అంది పిన్ని.

షీటుని ఒక పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముకి చుట్టి పడవలో తీసుకెళ్ళాను. అంతకన్నా బిగించి చుడితే లోపలి సెల్స్ చిట్లుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. పిన్నికి చెప్పాలని తోచలేదు. షీటు వెనక ఒక చీటీ మాత్రం అంటించాను, చుట్టరాదు, మడవరాదు అని, ఇంగ్లీషులో. మా పిన్ని తెలుగు బైబిలు మొదటి నుంచి చివరి దాకా ఎన్నోసార్లు చదివిన మనిషి. ఇంగ్లీషు రాదు. ఆవిడ కళ్ళెదుటే డ్రమ్ము మీంచి షీటు విప్పి, కప్పు మీద పరిచి, నాలుగు మూలలా తాళ్ళు కట్టాను. బ్యాటరీ మంచం కింద పెట్టాను. మిషను గుర్రుమంది. బాబాయి మాస్కు వెనకాల నుంచి కళ్ళతో నవ్వారు. ఆ రోజు తిరుగు పడవలో నాకు కాళ్ళు నేల మీద లేవు, నీళ్ళ మీద కూడా లేవు.

మూడు నెలలు తిరక్కుండానే ఒక పొద్దున్న ఫోను వచ్చింది. బాబాయికి ఆయాసం ముదిరింది, మిషను పెడితే రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. బ్యాటరీలో ఏమీ లేదు. పడవాయన గట్టుకి చేరిస్తే, ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకొచ్చారు. దేవుడి దయవల్ల తేరుకున్నారు. ఆయన కుదుటపడ్డాక నేనూ పిన్నీ లంకకి వెళ్ళాం, ఏం జరిగిందో చూద్దామని.

కప్పు మీద షీటు లేదు. పాక మూల నిలబెట్టి ఉంది. చేతి మందాన బిగించి చుట్టి, పాత చీర ముక్క కప్పి, పీచు తాడుతో రెండు చోట్ల ముడేసి ఉంది.

“ఎవరు చుట్టేరు దీన్ని?”

“నేనేనే. రోజూ చీకటి పడకుండా దింపేసి చుట్టేస్తన్నాను. పొద్దున్నే పరుస్తన్నాను. మంచు పడుద్ది గదా. అయినా పరిచిన చాప రాత్రంతా అలా వదిలేస్తారేంటే ఎక్కడైనా?”

మా వైపు ఆడవాళ్ళు ఏ చర్చికి వెళ్ళినా, ఏ గుడికి వెళ్ళినా, పరిచిన చాప వదిలి పక్కకి వెళ్ళరు. మనిషి లేచిన చాప చుట్టాల్సిందే. అది నాకూ తెలుసు. ఆ నిమిషాన గుర్తుకు రాలేదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

“నిన్నెవరు ముట్టుకోమన్నారు? బాబాయిని ఆసుపత్రిలో పెట్టింది నువ్వే,” అన్నాను.

పడవాయన గుమ్మంలో ఉన్నాడు. విని, తల తిప్పుకున్నాడు.  పిన్ని ఆ చీర ముక్క మడత పెట్టింది.

షీటుని షెడ్డుకి తెచ్చి పరీక్షించాను. నల్లగుడ్డ కప్పిన పెట్టెలో షీటు పెట్టి కరెంటు పంపితే, మంచి సెల్ లోపల్నుంచి వెలుగుతుంది. ఆ వెలుగు కంటికి కనబడదు, కెమెరాకి కనబడుతుంది. చిట్లిన చోట నలుపు. మా షీటులో అడ్డంగా నల్లగీతలు, చుట్టు చుట్టుకీ ఒకటి చొప్పున, వరస తప్పకుండా ఉన్నాయి. ఎంత శ్రద్ధగా చుట్టిందో అందులో తెలిసిపోతోంది. అవి చూస్తూ కూర్చుంటే, చుట్టి తెచ్చిందెవరు, విప్పి చూపించిందెవరు, ఇంగ్లీషు చీటీ అంటించిందెవరు అన్నీ గుర్తొచ్చాయి. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

సిగ్గుపడుతూ ఫోను చేశాను.

“ఆయ్, చెప్పండి,” అంది పిన్ని.

నన్ను లాలపోసిన మనిషి. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఏమే అనే పిలిచింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ అండీ చెవిలో పడ్డాక నాకు ఆ మాట బాగా అర్థమైంది.

మర్నాడు గట్టు మీది ఇంటికి వెళ్ళాను. బాబాయి మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. డాక్టరు లంక వద్దన్నారట. నేను పలకరిస్తే తల ఊపారు, అంతే. పిన్ని నేల మీది తుంగచాప తీస్తోంది. ఏదో ఒక పని చేద్దామని నేను ఒక అంచు పట్టుకుని చుట్టబోయాను.

“అటు కాదండి. అటు చుడితే తుంగ విరిగిపోద్ది. ఇటు నుంచి చుట్టాలి. ఇటైతే తుంగ వంగదు, మధ్యలో నారే వంగుద్ది.”

నేను చాప పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎన్నేళ్ళు ఆ చాపల మీద పడుకున్నాను! నా డిజైనులో సెల్‌నే వంచాలని చూశాను. వంగాల్సింది సెల్ కాదు.

“పిన్నీ, తప్పు నాదే. నిన్ను అలా అనకూడదు,” అన్నాను.

“అయ్యో, పర్లేదండి,” అంది. చీపురు తిరగేసి నాలుగు వడ్డించినా ఇంత బాధపడేదాన్ని కాదు.

కొత్త షీటుకి సెల్స్‌ని రెండు వేళ్ళ వెడల్పు బద్దలుగా కోయించాను. బద్దకీ బద్దకీ మధ్య సందు వదిలాం. మొదట్లో ఆ సందుల్లో రాగి పట్టీలు తెగిపోయాయి, వంచగా వంచగా తీగ తెగినట్టు. చివరికి సన్నటి రాగి పోగుల్ని జడలా అల్లించి వేస్తే నిలిచాయి. సందుల వల్ల కరెంటు తగ్గింది కాబట్టి షీటు పొడుగు పెంచాం. మా ఇంట్లో అప్పడాల కర్ర తెచ్చి, వర్షాకాలం పొడుగునా, దానికి చుట్టడం, విప్పడం, పెట్టెలో పెట్టి చూడటం. నల్లగీతలు రాకుండా పోయేసరికి వరదలు తీశాయి. మా అమ్మ ఇంకో అప్పడాల కర్ర కొనుక్కుంది.

ముందు మిషను నడిపి చూపిస్తేనే లంకలో ఉండటం అన్న ఒప్పందం మీద బాబాయి పడవెక్కారు. మధ్యాహ్నం ఎండలో పాక ముందు ఇసక మీద షీటు పరిచాను. పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడింది.

“చుట్టు పిన్నీ,” అన్నాను.

“మీరే చుట్టండి.”

“నువ్వు చుట్టినా బతికితేనే అది పనికొచ్చినట్టు. రోజూ ఎలా చుట్టేదానివో అలాగే చుట్టు.”

బాబాయి వైపు చూసింది. ఆయన తల ఊపారు. అప్పుడు వంగి, చేత్తో తడిమి బద్దలు ఎటున్నాయో చూసుకుని, సరైన అంచుకి వెళ్ళి మొదలుపెట్టింది. ప్రతి చుట్టుకీ మోకాలేసి నొక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను. తాడు బిగించింది, ముడేసింది, నిలబెట్టింది. మళ్ళీ విప్పి పరిచింది. నేను వైరు తగిలించాను. బ్యాటరీ మీద, షీటు నుంచి కరెంటు వస్తోందని చెప్పే పచ్చ దీపం వెలిగింది, మిషను గుర్రుమంది. బాబాయి మాస్కు పెట్టుకుని దొండ పందిరి వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన భుజాలు నెమ్మదిగా లేచి దిగడం చూడాలని షీటు అంచుకి జరిగాను.

పచ్చ దీపం ఆరిపోయింది. వైరు ఊడిందేమోనని వంగి చూశాను.

“ఏమే, కళ్ళు కనబడ్డంలేదా? నీ నీడ దాని మీద పడతంది, అవతలికి జరుగు,” అంది పిన్ని.

జరిగాను. దీపం వెలిగింది.