ఆరని అచ్చుకాగితం

పోయిన వారం మందుల కోసం బయలుదేరినవాణ్ణి, హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొదట్లో ఉన్న పాత బావి దగ్గర ఆగిపోయాను. బావి ఎప్పుడో పూడిపోయింది కానీ, దాని గోడలో ఛాతీ ఎత్తున ఒక రాయి, దాని మీద నాలుగు వరుసల ఫార్సీ అక్షరాలు మిగిలి ఉన్నాయి. రాళ్ళు కోసే మిషన్‌కు ఇనుపతీగల చక్రం బిగించి ఒకాయన ఆ రాయిని గీకుతున్నాడు. బస్తీవాళ్ళు గోడకు రంగు వేయిస్తున్నారట. ఆ చప్పుడు విని దగ్గరికి వెళ్ళి ఆపమన్నాను.

"గీ మసి పోతెనే రంగు మంచిగ పట్టుకుంటది బాపు. మీకెందుకు ఫికర్?" అన్నాడు, మిషన్ ఆపకుండానే.

నాకెందుకో చెప్పాలంటే ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోవాలి. అది మా ఆవిడకు కూడా చెప్పుకోలేదు. మీలో నా వయసువాళ్ళు ఎవరైనా ఉంటే, ఇలాంటిదొకటి మీ దగ్గరా ఉండే ఉంటుందన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

శాసనాలకు అచ్చులు తీసే సర్కారీ ఆఫీసులో నాది చిన్న ఉద్యోగం. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల సందుల్లోకి దింపి, పైన సిరాగుడ్డతో అద్దుతాం. ఆరాక ఊడదీస్తే రాయి మీది రాతంతా కాగితం మీదికి వచ్చేస్తుంది, కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. మన పాతబస్తీ రాళ్ళకు సున్నం, నూనె తరాలుగా పట్టి ఉంటాయి కనుక ముందు ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దడం మాకు అలవాటు. కార్వాన్ బస్తీలో నేను రుద్దిన నల్లరాళ్ళకు గీత కూడా పడలేదు. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు మస్తు పొగరుండేది.

ఒకసారి మా సారుతో కలిసి నన్ను పడమటి సముద్రంలోని ఒక దీవికి పంపారు. కొచ్చిన్‌లో ఓడ ఎక్కేదాకా సముద్రమే చూడనివాణ్ణి. దీవి చుట్టూ పగడపు దిబ్బ, దానికి లోపల చెరువులా కదలని పచ్చటి నీళ్ళు, ఒడ్డున కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలు. కొబ్బరితోటల మధ్య ఉన్న పాత మసీదులో, కప్పు చెక్కల మీద చెక్కిన తీగలను చూస్తూ మా సారు అన్నం తినడం కూడా మరచిపోయాడు. ఆ మసీదు వెనకే, నీళ్ళ అంచున సమాధులు. సముద్రం ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతుంటే అప్పటికే ఒక వరుస నీళ్ళలో కలిసిపోయింది.

వాటిని చూసుకునే ముసలాయన వయసులో ఉన్నప్పుడు బొంబాయి ఓడల్లో పనిచేశాడట. ఆయన వచ్చీరాని హిందీకి నా దక్కనీ సరిపోయింది. రెండు కళ్ళకూ పొరలు కమ్మి ఆయనకు ఏమీ కనిపించేది కాదు. ఆ దీవిలో ఇల్లు తల్లి నుంచి కూతురికి పోతుంది. వాళ్ళ ఇంటిని నిలబెట్టిన అమ్మమ్మ తల్లి సమాధి అప్పటికి అంచున మిగిలిన వరుసలోనే ఉంది. ప్రతి గురువారం సాయంత్రం ఆయన ఆ రాయిని కడిగి, దాని మీది ఆమె పేరును వేళ్ళతో తడుముకునేవాడు. ఉన్న ఒక్క చెల్లెలు ఆడపిల్లలు లేకుండానే పోయింది కనుక ఆ పేరు తలచుకునేందుకు తన తర్వాత ఎవరూ లేరనీ, సముద్రం తీసుకుపోకముందే దాన్ని కాగితం మీదికి ఎక్కించి ఇమ్మనీ నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఆ పేరు కూడా చెప్పాడు. రాయి మీద ఉంది కదా అని నేను రాసుకోలేదు.

బుధవారం మా సారుకు జ్వరం. ఇది పగడపురాయి, మన రాళ్ళలాంటిది కాదు, తను లేచేదాకా ముట్టుకోవద్దని పడుకునే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నమే మా ఓడ. ఆయన లేచేసరికి అచ్చు తీసి చూపిద్దామని గురువారం పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్ళాను. రాయికి నల్లగా పాచి పట్టి ఉంది. ముసలాయన మసీదు బావి నుంచి మంచినీళ్ళు తోడి తెచ్చి, రుద్దడానికి కొబ్బరిపీచు ముద్ద ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను నవ్వుకుని దాన్ని పక్కన పడేసి ఇనుప బ్రష్షు తీశాను.

పదిసార్లు రుద్దానో లేదో, బ్రష్షు కింద తెల్లటి పిండి రాలింది. పాచే అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. నీళ్ళు పోసి చూస్తే రాయి నున్నగా, పిండిరుబ్బిన రోలు లోపలిలా ఉంది. ఒక్క అక్షరం లేదు. అయినా తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొడుతూ కూర్చున్నాను, ఆ చప్పుడు ఆయనకు వినిపించాలని. అంత నీచపు పని నేను జీవితంలో మరొకటి చేయలేదు.

"బేటా, కాగజ్ జరా హాత్‌లో ఇవ్వు" అని ఆయన చెయ్యి చాచాడు. ఆ ‘ఇవ్వు’ అనే తెలుగు మాట నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇంకా ఆరలేదు బాబా, ముట్టుకుంటే పాడవుతుంది, పోస్టులో పంపుతానన్నాను. ఆయన నమ్మి, చాచిన చెయ్యిని నా తల మీద పెట్టి దీవించాడు.

ఆ రాయి మీద చదవదగినదేమీ లేదని ఆఫీసు పుస్తకంలో రాశాను. అప్పటికది నిజమే. తర్వాత ఎవరిచేతో రాయించిన కార్డులు రెండు వచ్చాయి, కాగితం ఆరిందా అని. జవాబు రాయలేదు. మూడో కార్డు రాలేదు. కొన్నేళ్ళకు అటు వెళ్ళివచ్చిన ఒకాయన, మసీదు వెనక ఇప్పుడు నీళ్ళేనని చెప్పాడు. ఆమె పేరు గుర్తు చేసుకోవాలని ఎన్నిసార్లు కూర్చున్నా నాకు మొదటి అక్షరం కూడా రాదు.

ఇప్పుడు రాయి ఎదుట ఫోను ఎత్తితే చాలు, కాగితమూ సిరా అక్కర్లేదు. మా పని ఎవరికీ గుర్తు లేదు. మందులు కొనుక్కుని తిరిగి వచ్చేసరికి బావి దగ్గర పని అయిపోయి, అతను మిషన్ సర్దుకుంటున్నాడు. రాయి శుభ్రంగా ఉంది. నేను కళ్ళు మూసుకుని దాని మీద చెయ్యి పెట్టాను. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ కింది వరుసకు, మెల్లగా తడిమాను, వేళ్ళకు ఒక్క అక్షరమూ తగల్లేదు. మా ఓడ వెళ్ళిపోయిన ఆ గురువారం సాయంత్రం, ఆ ముసలాయన ఎంతసేపు వెతికి ఉంటాడు?