పక్కపిల్ల పలక

"అర్థమైంది టీచర్" అని తరగతి మొత్తం రాగం తీస్తే నాకు మేరమ్మ టీచర్ గుర్తొస్తారు. ఇవాళ భూపాలపల్లి దగ్గర నేను పాఠాలు చెప్పే బడిలో ఆ రాగం మళ్ళీ వినిపించింది. ముందు వరుస పిల్లలు ఎత్తుకుంటే, వెనుక వరుసవాళ్ళు కిటికీ బయటికి చూస్తూనే అందుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు వేరే టీచర్ల దగ్గర నేనూ అలాగే అందుకున్నదాన్ని.

మేరమ్మ టీచర్ డోర్నకల్ నుంచి రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి మా తండా పక్క బడికి నడిచేవారు. "అర్థమైందా" అని అడగడం ఆమెకు అసలు పడేది కాదు. అర్థం కానివాడే అందరికంటే ముందు తలూపుతాడని అనేవారు. లెక్క చెప్పి, జవాబు రాసి పలకలు బోర్లించమనేవారు. బల్ల మీద చేత్తో కొట్టగానే అందరం ఒక్కసారే ఎత్తి చూపాలి. పక్కవాడిది చూసి రాసే సందు ఉండేది కాదు. తప్పు రాస్తే తిట్టకుండా, ఎట్లా ఆలోచించావో చెప్పమనేవారు.

బోర్డు మీద అంకెలు రాసిస్తే నా జవాబులన్నీ సరిగ్గా ఉండేవి. అదే లెక్క మాటల్లో చెబితే నా పలక ఖాళీ. మా ఇంట్లో లంబాడి మాట; తెలుగు బడి గుమ్మంలో మొదలై అక్కడే ఆగిపోయేది. అందరూ నన్ను మొద్దు అనుకున్నారు, మా ఇంట్లోవాళ్ళతో సహా. టీచర్ మాత్రం కొన్నాళ్ళు నా పలకనే గమనించి, మా తండా పిల్ల శాంతి పక్కన నన్ను కూర్చోబెట్టారు. "బోర్డు మీది లెక్క ఎట్ల చేసినవో శాంతికి మీ మాటల్ల చెప్పు" అన్నారు.

"మీకు మా మాట రాదు గద టీచర్?"

"రాకుంటే ఏంది? నేను శాంతి పలక చూస్త. అది సరిగ్గ రాస్తే నువ్వు సరిగ్గ చెప్పినట్టే."

మిరప ఏరే రోజులొచ్చాయి. ఒక పొద్దున బాపు సద్దిమూటతో నేరుగా తరగతిలోకి వచ్చాడు. "దీనికి చదువు ఎక్కుతలేదు టీచరమ్మా. ఇగ చేనుకు తోల్కపోత" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. టీచర్ వాదించలేదు. బాపును బెంచీ మీద కూర్చోమని, మూడో వంతు పెద్దదో నాలుగో వంతు పెద్దదో మా మాటలో ఆయనకు చెప్పమన్నారు.

తినేవాళ్ళు పెరిగితే రొట్టెలో వాటా తగ్గుతుందని చెప్పాను. బాపు మూట విప్పి ఒక రొట్టెను మూడు ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు చేసి పక్కపక్కన పెట్టాడు. కాసేపు చూసి, నేను చెప్పకుండానే మూడో రొట్టెను ఐదు చేశాడు. అమ్మ కట్టిచ్చిన రొట్టెలన్నీ ముక్కలయ్యాయి.

"నువ్వు బడి మొఖం చూడలే. మరి గిది నీకెట్ల తెలిసింది?" అని అడిగారు టీచర్.

బాపు ముక్కల వంక, నా వంక చూశాడు. "నా బిడ్డ చెప్పింది" అన్నాడు.

ఆ రోజు చేనుకు ఒక్కడే వెళ్ళాడు. పోతూ పోతూ మూడో వంతు ముక్కొకటి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా తరగతిలో కోయ పిల్లలున్నారు. నాకు వాళ్ళ మాట రాదు. ఇవాళ ఆ రాగం ఆగాక, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లను, లెక్క తన మాటలో పక్కపిల్లకు చెప్పమన్నాను; జవాబు పక్కపిల్లను రాయమన్నాను. మెల్లగా మొదలుపెట్టింది. నాకు ఒక్క మాటా తెలియలేదు. పక్కపిల్ల పలక వైపే చూస్తూ నిలబడ్డాను.